పదిహేడేళ్ళ అమ్మాయి, డెబ్భై ఏళ్ళ నాటి పాటలు: రాయగడ తల్లిగారికి నా సమాధానం

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక తల్లిగారు అడిగారు. వాళ్ళ అమ్మాయికి పదిహేడేళ్ళు. చదువు ఇంగ్లీషులో, స్నేహితులతో ఒడియా, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు మాత్రం రావు. ఏడాదిగా ఆ పిల్ల 1950లు, 60ల నాటి తెలుగు పాటలు తప్ప మరేమీ వినడం లేదట. “నేను ఆ కాలంలో పుట్టవలసింది” అంటోందట. ఇది వయసు మోజా, దిగులు పడవలసిన విషయమా, ప్రోత్సహించాలంటే ఏం చేయాలి, అత్తగారి ట్రంకుపెట్టెలో ఉన్న పాత క్యాసెట్లు ఇంకా పనికొస్తాయా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, ముందు సూటిగా చెబుతాను. దిగులు వద్దు. మీ అమ్మాయికి ప్రతి మాటా పూర్తిగా వినిపించే తెలుగు ఆ పాటల్లో దొరికింది, అందుకే అక్కడ ఆగింది. మీరు చేయవలసిన మొదటి పని ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పడం. చెవికి అందిన భాష కంటికి కూడా అందితే ఆ ఇష్టం నిలుస్తుంది. అందకపోతే ఉత్త బెంగగా మిగులుతుంది, లేదా రెండేళ్ళలో కరిగిపోతుంది. క్యాసెట్లు తప్పకుండా పనికొస్తాయి, కానీ నేను చివర చెప్పేది చదివేదాకా వాటిని దేనిలోనూ పెట్టి మోగించకండి.

నేను ఏ అనుభవంతో చెబుతున్నానో కూడా చెప్పాలి. 1984లో బరంపురంలో క్యాసెట్ రికార్డింగ్ దుకాణం పెట్టాను. ఎవరైనా చీటీ మీద పాటలు రాసుకుని వస్తే, అరవై నిమిషాల క్యాసెట్టులో పదహారు పాటలు ఎక్కించి ఇచ్చేవాడిని. ఆ వ్యాపారం ఎప్పుడో పోయింది. అదే గదిలో ఇప్పుడు పాత రికార్డులు, క్యాసెట్లు బాగుచేసి కంప్యూటరులోకి ఎక్కించి ఇస్తున్నాను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నా గదిలోకి నీళ్ళు వచ్చి మూడు అలమరాల క్యాసెట్లు తడిశాయి. వీధిలోని కాలేజీ పిల్లలు వచ్చి, మరలు విప్పి, డిస్టిల్డ్ వాటరులో కడిగి, నీడన ఆరబెట్టి సాయం చేశారు. వాటిలో ఏముందో వినాలని వాళ్ళే అడిగారు. అప్పటి నుంచి నెలకొక ఆదివారం సాయంత్రం పది పన్నెండు మంది పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఒక రికార్డు వింటాం, మాట్లాడుకుంటాం. మీ అమ్మాయి లాంటి పిల్లలను నేను అక్కడ చాలామందిని చూశాను.

ఆ పాటలే ఎందుకు?

ఆ రోజుల్లో గాయకుడు, వాద్యబృందం ఒకే గదిలో ఉండి ఒకేసారి పాడాలి, వాయించాలి. మైకులు కొద్ది. వయొలిన్ వాయించే మనిషి ఒక స్వరం తప్పినా పాట మొదటి నుంచి మళ్ళీ మొదలయ్యేది. గొంతును విడిగా, వాద్యాలను విడిగా పట్టుకుని తరువాత హెచ్చుతగ్గులు సరిచేసుకునే వీలు లేదు. అందువల్ల సంగీత దర్శకుడు పాట కట్టేటప్పుడే గొంతు మునిగిపోకుండా చూసుకోవలసి వచ్చేది. పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలకు చోటు ఇచ్చి, గొంతు రాగానే వాటిని వెనక్కి జరిపేవాడు. పైగా 78 వేగంతో తిరిగే రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. ఒక్క మాట వృథా చేయడానికి లేదు.

పాడేవాళ్ళ వెనుక పద్యనాటకం ఉంది. మైకు లేని రోజుల్లో రంగస్థలం మీద పద్యం ఎత్తుకుంటే ఆఖరి వరుసలో నేల మీద కూర్చున్న మనిషికి కూడా ఒత్తులతో సహా వినిపించాలి. ఆ అలవాటు సినిమా పాటలోకి వచ్చింది. ఘంటసాల గొంతులో ‘ధ’కీ ‘ద’కీ తేడా తెలియని చోటు మీరు వెతికినా దొరకదు.

కొత్త పాటలను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. వాటి అందం వేరు. తాళం ముందుకు వస్తుంది, గొంతు కూడా ఒక వాద్యం లాగా కలిసిపోతుంది. గుంటూరులోనో వరంగల్లులోనో పెరిగిన పిల్లవాడికి అందులో సగం మాటలు వినపడకపోయినా నష్టం లేదు, మిగిలిన సగం ఊహించుకుంటాడు. చుట్టూ తెలుగే ఉంది కాబట్టి ఆ ఊహ తప్పు కాదు. మన సరిహద్దు పిల్లలకు ఊహించుకునే సామగ్రి లేదు. వాళ్ళకు ప్రతి అక్షరమూ వినపడాలి. వినపడితేనే అది వాళ్ళది అవుతుంది. మీ అమ్మాయి డెబ్భై ఏళ్ళ నాటి పాట దగ్గర ఆగడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

దీనికి ఒక ఉదాహరణ నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. నాలుగేళ్ళ క్రితం ఒక కుర్రవాడు వచ్చాడు. పట్టు నేసే ఇల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివింది ఒడియా బడిలో. చేతిలో రెండు వందల పేజీల నోటు పుస్తకం. తెరిచి చూస్తే నిండా తెలుగు పాటలు, ఒడియా అక్షరాలలో. పెన్సిలుతో, ఎంతో పొందికగా, ప్రతి పాట కింద గాయకుడి పేరుతో సహా. నేను దాన్ని చూసి పాడమన్నాను.

ఒడియా లిపిలో హ్రస్వమైన ఎ, ఒ లకు అక్షరాలు లేవు. ఏ, ఓ లకే ఉన్నాయి. అందువల్ల అతని పుస్తకంలో నెల, నేల ఒకే మాట. మెడ, మేడ ఒకే మాట. ‘వ’ ఉండవలసిన చోట చాలాసార్లు ‘బ’ పడింది. ఆకాశంలో వెలగవలసిన నెల అతని పాటలో నేల మీద ఉంది. రికార్డు మళ్ళీ పెట్టాను. వింటూనే తల పట్టుకున్నాడు. “విన్నప్పుడు సరిగ్గానే విన్నానండీ, రాసుకునేటప్పటికి పోయింది” అన్నాడు.

ఆ రోజు అతనికి నాలుగే అక్షరాలు నేర్పాను. ఎ, ఏ, ఒ, ఓ. వాటి గుణింతపు గుర్తులు. అక్షరమాల మొత్తం కాదు, అతని లిపిలో లేనివి మాత్రమే. ఇంటికి వెళ్ళి పుస్తకంలో తేడా వచ్చిన ప్రతి మాట పైనా ఎర్ర సిరాతో తెలుగు గుర్తు పెట్టుకుని వచ్చాడు. మూడు నెలలకు కొత్త పుస్తకం పూర్తిగా తెలుగు లిపిలో మొదలుపెట్టాడు. పాతది నాకు ఇచ్చి వెళ్ళాడు. కొత్తగా వచ్చిన పిల్లలకు నేను మొదట చూపించేది దాన్నే.

మీ అమ్మాయికి ఒడియా రాయడం వస్తే పని ఇంకా సులువు. అక్షరాల వరుస అదే, గుణింతం పద్ధతి అదే. రూపం కొత్తది, అంతే. వాచకంతో మొదలుపెట్టకండి. ఆమెకు నోటికి వచ్చిన పాటలు పది తీసుకుని పెద్ద అక్షరాలలో రాసి ఇవ్వండి. తరువాత ఏ మాట రాబోతోందో ఆమెకు ముందే తెలుసు కాబట్టి కన్ను అక్షరాన్ని గుర్తుపడుతూ పోతుంది. పదిహేడేళ్ళ పిల్లను ‘అమ్మ, ఆవు’ దగ్గర కూర్చోబెడితే సిగ్గుపడుతుంది. తనకు ప్రాణమైన పాట దగ్గర కూర్చోబెడితే పడదు.

“ఆ కాలంలో పుట్టవలసింది” అన్న మాట గురించి

నోస్టాల్జియా అని ఇప్పుడు అందరూ వాడుతున్న మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి తయారుచేశాడు. అతని ఉద్దేశంలో అది ఒక జబ్బు: సొంత ఊరికి దూరమైన మనిషి ఊరి మీద బెంగతో చిక్కిపోవడం. అంటే ఆ మాట పుట్టినప్పుడు అందులో కాలం లేదు, ఊరు ఉంది. మన ‘బెంగ’కు దగ్గరగా ఉంది. మీ అమ్మాయి కాలం అంటోంది గానీ, నా అనుభవంలో మన వైపు పిల్లలు వెతుక్కునేది చాలావరకు ఊరినే. తమ భాష ఏ ఊరిది అన్న ప్రశ్న వాళ్ళకు చిన్నప్పటి నుంచీ ఉంటుంది. బడిలో వాళ్ళు తెలుగువాళ్ళు, విశాఖపట్నం వెళితే ఒడిశావాళ్ళు.

కాబట్టి ఆమెతో ఒక పని చేయించండి. ఒక పటం తీసి రాయగడ మీద వేలు పెట్టమనండి. రైలు మార్గం వెంట కిందికి రమ్మనండి. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం. బొబ్బిలిలో చీలిన చిన్న రైలు మార్గం సాలూరు వెళుతుంది. సాలూరు దగ్గర శివరామపురంలో 1922లో సాలూరి రాజేశ్వరరావు పుట్టారు. ‘మల్లీశ్వరి’కి, ‘మిస్సమ్మ’కు సంగీతం ఆయనది. ఆ సాలూరు ఊరి గురువుగారని పేరుపడిన పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గరే ఘంటసాల విజయనగరంలో సంగీతం నేర్చుకున్నారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది, తొలి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసు. ‘మాయాబజార్’ మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1901లో రాజాంలో పుట్టారు. అది కూడా ఆ దాపులదే. పి. సుశీల 1935 నవంబరులో విజయనగరంలో పుట్టారు. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంటే సుశీల పుట్టిన నాటికి విజయనగరమూ రాయగడా ఒకే విశాఖపట్నం జిల్లాలో ఉన్నాయి.

ఈ సంగతి నేను చెప్పినప్పుడల్లా పిల్లల ముఖాలు మారడం చూశాను. అంతవరకు ఆ పాటలు మద్రాసులో పుట్టి ఎక్కడి నుంచో వచ్చాయని వాళ్ళ అభిప్రాయం. మద్రాసులో రికార్డయిన మాట నిజమే. కానీ ఆ గొంతుల్లో, ఆ బాణీల్లో, ఆ మాటల్లో మీ రైలు మార్గం పక్క ఊళ్ళు ఉన్నాయి. మీ పక్క జిల్లాలోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పారు, జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పోరాడారు. తన ఊరు ఒడిశాలో కలిసిన 1936లో ఆయన పర్లాకిమిడి వదిలి వెళ్ళారు. ఆయన పట్టుబట్టిన వాడుక తెలుగు పింగళి చేతిలో ఎంత కులాసాగా నడిచిందో మీ అమ్మాయి ఇప్పటికే వింటోంది, పేర్లు తెలియవు అంతే. ఒకసారి విజయనగరం తీసుకువెళ్ళి ఆ కళాశాల చూపించండి. “ఆ కాలంలో” అన్న మాట తగ్గి “మా వైపు” అన్న మాట వస్తుంది.

ఇంట్లో నుంచి వచ్చిన జ్ఞాపకం

ఇంకొక కారణం కూడా ఉంది. 2013లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కరోల్ క్రుమ్‌హాన్స్‌ల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇరవై ఏళ్ళ వయసు పిల్లలకు 1955 నుంచి 2009 వరకు వచ్చిన పాటలు వినిపించి చూశారు. తమ కాలపు పాటలతో పాటు తల్లిదండ్రులు యువకులుగా ఉన్నప్పటి పాటలు కూడా వాళ్ళకు దగ్గరగా అనిపించాయి. 1960ల పాటల దగ్గర కూడా అలాంటి ఇష్టమే కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్ళు వింటూ ఉంటే పిల్లల జ్ఞాపకంలోకి వెళ్ళిపోతాయన్నది వారి వివరణ. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. నా బల్ల ముందు అది చాలాసార్లు జరిగింది.

పర్లాకిమిడి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ఒకే ఒక క్యాసెట్టు తెచ్చింది. వాళ్ళ తాతగారు ట్రాన్సిస్టరు ముందు టేప్ రికార్డరు పెట్టి రేడియో పాటలు పట్టుకున్నారు. ఆయన ఈ అమ్మాయి పుట్టక ముందే పోయారు. క్యాసెట్టు పెట్టగానే పాట చిన్నపిల్లల గొంతులాగా సన్నగా, తొందరగా వచ్చింది. ఆ రోజు టేప్ రికార్డరులో సెల్లు బలహీనంగా ఉండి టేపు నెమ్మదిగా తిరిగి ఉంటుంది. అలా ఎక్కించినదాన్ని సరైన వేగంతో మోగిస్తే ఇలాగే పరుగెత్తుతుంది. పాట మధ్యలో కుక్కరు కూత. ఎవరో తలుపు వేయమంటున్నారు. చివరలో ఒక మగ గొంతు, అదీ సన్నగానే: “ఉండండి, ఇది అయ్యాక తింటాను.”

నేను అలవాటుగా ఆ చప్పుళ్ళన్నీ తీసేయబోయాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. “ఆ మాట తీయకండి. కావాలంటే పాట తీసేయండి” అంది.

అప్పుడు చేసిన పని చెబుతాను. అదే పాట అసలు రికార్డు నా దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన మోగిస్తూ, క్యాసెట్టు పాట శ్రుతి రికార్డు శ్రుతితో కలిసేదాకా వేగం తగ్గిస్తూ వచ్చాను. ఘంటసాల గొంతు తన స్థాయికి దిగింది. దానితో పాటే తాతగారి గొంతు కూడా దిగింది. బొంగురుగా, కొంచెం సాగదీస్తూ. ఆ అమ్మాయి ఫోనులో వాళ్ళ నాయనమ్మకు వినిపించింది. అవతలి నుంచి చాలాసేపు మాట లేదు. తరువాత ఆవిడ, “ఆయనే” అంది.

మీ అత్తగారి ట్రంకుపెట్టె గురించి మీరు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఇది గుర్తుకు వచ్చింది. మీ అమ్మాయి ఈ పాటల దగ్గరికి ఫోను ద్వారా వచ్చిందని మీరు అనుకుంటున్నారు. ఆమె ఊయలలో ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఏం మోగేదో మీ అత్తగారిని అడగండి.

ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

పాత సినిమాలు మళ్ళీ విడుదలవుతున్నాయి, కుర్రాళ్ళు హాలులో చిందులు వేస్తున్నారు, ఇదంతా ఒకటే గాలి కదా అని నన్ను కొందరు అడుగుతారు. 2022లో ‘పోకిరి’ మళ్ళీ వచ్చినప్పుడు వెళ్ళిన పిల్లలు తమ చిన్నతనాన్ని చూడడానికి వెళ్ళారు. అది వాళ్ళ సొంత జ్ఞాపకం, పండుగ లాంటిది, మంచిదే. తాను పుట్టక యాభై ఏళ్ళ ముందు పాటను వెతుక్కుంటూ వెళ్ళడం వేరే సంగతి. దానికి ఓపిక కావాలి.

ఫోనులో పదిహేను సెకన్ల ముక్కలుగా తిరిగే పాత పాటలతో మొదలైన పిల్లలు కూడా నా దగ్గరికి వస్తారు. అలా మొదలవడం తప్పు కాదు. తేడా తెలుసుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటే. రెండో చరణం అడగండి. పల్లవి మాత్రమే తెలిసిన పిల్లలు ఆరు నెలల్లో మరొక దాని మీదికి వెళ్ళిపోవడం చూశాను. రెండో చరణం దాకా వెళ్ళి, అందులో ఒక మాటకు అర్థం తెలియక ఎవరినో అడిగినవాళ్ళు ఇంకా వస్తున్నారు. మీరు వంటింట్లో ఉండగా ఆమె పాడుకుంటూ ఉంటే గమనించండి.

ఆ కాలం గురించి ఆమెకు నిజం కూడా చెప్పాలి. పెద్దవాళ్ళం మనం ఇక్కడ తప్పు చేస్తున్నాం. “మా రోజుల్లో అన్నీ ఆణిముత్యాలే” అంటాం. నా అలమరాలో ఆ రోజుల రికార్డులు వందల్లో ఉన్నాయి, వాటిలో మళ్ళీ పెట్టబుద్ధి కానివి బోలెడు. హిందీ బాణీని ఉన్నదున్నట్టు దింపినవి ఉన్నాయి, మాటలు కుక్కినవి ఉన్నాయి. డెబ్భై ఏళ్ళు జల్లెడ పట్టాక మిగిలినవి ఆమె వింటోంది. ఇప్పటి పాటలకు ఇంకా ఆ జల్లెడ పట్టలేదు.

ఆ కాలంలో పుట్టి ఉంటే ఆమె ఈ పాటలు ఇన్నిసార్లు వినగలిగేదా అన్నది కూడా చెప్పండి. 1952 తరువాత కొన్నేళ్ళు, బి.వి. కేస్కర్ కేంద్రమంత్రిగా ఉన్నప్పుడు, ఆకాశవాణిలో సినిమా పాటలకు దాదాపు చోటు లేకుండా పోయింది. జనం రేడియో సిలోన్ పట్టుకుని, అలల్లా వచ్చిపోయే ధ్వనిలో చెవి ఆనించి వినేవారు. వివిధ భారతి 1957 అక్టోబరులో మొదలైంది, అదీ రేడియో ఉన్న ఇళ్ళకే. ఇక ఆ సినిమాల్లో ఆడపిల్లకు ఇచ్చిన స్థానం గురించి, మొగుడు చెయ్యి చేసుకున్నా కాళ్ళ మీద పడే సన్నివేశాల గురించి దాచవద్దు. మా ఆదివారం గుంపులో ఒక అమ్మాయి, “పాట ఇంత బాగుంది, కథ ఇంత అన్యాయంగా ఉంది, ఏం చేయమంటారు?” అని అడిగింది. రెండూ నిజమేనని చెప్పాను. పాటను ప్రేమించు, కథతో పోట్లాడు అన్నాను. ఆ అమ్మాయి ఇప్పటికీ పోట్లాడుతూనే వింటుంది, అందరికంటే ఎక్కువ ఆమెకే తెలుసు.

దిగులు పడవలసిన సందర్భం ఒకటి ఉంది. తోటి పిల్లలంటే చులకన పెరగడం, బయటికి వెళ్ళడం మానేయడం, నిద్ర లేకుండా రాత్రంతా చెవిలో పెట్టుకుని ఉండడం కనిపిస్తే పాట సంగతి పక్కన పెట్టి పిల్ల సంగతి చూడండి. తప్పు పాటది కాదు. ఏదో ఒంటరితనం ఉంది, పాట దానికి దుప్పటి అయింది. అప్పుడు పాటలు మాన్పించకండి, పక్కన కూర్చుని మీరూ వినండి. మాట దానంతట అదే వస్తుంది.

ఎలా వినిపించాలి

అయిదు వందల పాటలు పెన్‌డ్రైవులో పోసి ఇవ్వకండి. వారానికి మూడు పాటలు చాలు. మొదటిసారి ఉత్తినే వినాలి, రెండోసారి కాగితం చూస్తూ వినాలి, మూడోసారి తెలియని మాటల కింద గీత పెట్టాలి. ఆ మాటలు ముందు నాయనమ్మను అడగాలి, తరువాత ఇంటర్నెట్టులోని ఆంధ్రభారతి నిఘంటువులో వెతకాలి. ఆ వరుసలోనే. నాయనమ్మ చెప్పిన అర్థం తప్పయినా ఫరవాలేదు.

నటుడి పేరుతో కాకుండా సంగీత దర్శకుడి పేరుతో వెతకడం అలవాటు చేయండి. సాలూరి పాటలు ఒక నెల, పెండ్యాల పాటలు ఒక నెల. చెవికి చెయ్యి గుర్తుపట్టడం వస్తుంది. పాట విన్నాక సినిమా చూడాలి, పాట దాని చోట ఉన్నప్పుడు వేరుగా వినిపిస్తుంది. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపులో వచ్చింది, 2010లో రంగులు వేశారు. పిల్లలు రంగులది త్వరగా చూస్తారు. నేను మాత్రం నలుపు తెలుపుదే ముందు చూపిస్తాను. వెలుగు, నీడ దాని కోసమే పెట్టారు.

ఇంకొక మాట గట్టిగా చెబుతాను. తెలుగు మీద ప్రేమతో ఆమెను ఒడియా నుంచి దూరం చేయకండి. అక్షయ మహంతి పాటలు మీ ఊళ్ళో ఎవరింట్లోనైనా ఉంటాయి. 1937లో పుట్టి 2002లో పోయిన ఆ మహానుభావుడు ఒడియా పాటకు ఏం చేశాడో ఆమె తెలుసుకోవాలి. మా గుంపులో ఒడియా పిల్లలు ముగ్గురు ఉన్నారు. ఘంటసాల పద్యం ఒకటి విన్నాక వాళ్ళు అక్షయ మహంతి పాట ఒకటి పెడతారు. రెండు చెవులున్న పిల్లలు మనవాళ్ళు.

ఇక ట్రంకుపెట్టె

క్యాసెట్టును వెలుతురుకు పట్టి కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లటి పొడి లాంటిది కనిపిస్తే అది బూజు. దాన్ని అసలు మోగించకండి, వేరే డబ్బాలో పెట్టండి. ఒకటి మోగిస్తే ప్లేయరులో టేపును చదివే హెడ్డుకు అంటుకుని మిగతావాటికి పాకుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పట్టుకోండి. తెలిసినవారి చేత శుభ్రం చేయించాలి.

బూజు లేనివాటికి వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. ఉంటే విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా ఉన్నది చెరగదు. టేపు వెనుక, చిన్న రాగి రేకు మీద గుడ్డ ముక్క అంటించి ఉంటుంది, అది ఊడిపోయి ఉందేమో చూడండి. ఊడితే ధ్వని మసకగా వస్తుంది. టేపును కొత్త డబ్బాలోకి మార్చుకోవచ్చు, మరలతో బిగించిన డబ్బా అయితే పావుగంట పని. మోగించే ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి తిప్పండి. ఏళ్ళ తరబడి కదలని చుట్ట వదులవుతుంది.

ధ్వని ఇంకా మూసుకుపోయినట్టు ఉంటే హెడ్డు పక్కన చిన్న మర ఉంటుంది. పాట మోగుతుండగానే దాన్ని సన్నని స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పాలి. ఒకచోట ‘స’, ‘చ’ ఒక్కసారిగా తేరుకుంటాయి, తలుపు తీసినట్టు ఉంటుంది. అక్కడ ఆపండి. కంప్యూటరులోకి వేవ్ ఫైలుగా ఎక్కించండి. ఫోనులో వినడానికి కావలసిన ఎంపీ3ని దాని నుంచి తీసుకోవచ్చు, ఎంపీ3లో ఒకసారి పోయిన ధ్వని మళ్ళీ వేవ్‌గా మార్చినా వెనక్కి రాదు.

ఈ పని మీ అమ్మాయి చేత చేయించండి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టి. పాటలు అయిపోగానే ఆపేయవద్దని చెప్పండి. రెండో వైపు చివర ఖాళీ అనుకున్న చోట కూడా, టేపు పూర్తిగా ఆగేదాకా వినమనండి.